చెట్టుకు పట్టీతో బిగించే వేట మంచె: ఇంట్లో చేసుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

మంచె అంటున్నారు, ఇది మన జొన్నచేను మంచె లాంటిదేనా?

పని ఒకటే, నిలబడే తీరు వేరు. చేలో వేసే మంచె నాలుగు గుంజల మీద నిలుస్తుంది. ఒక గుంజ పుచ్చిపోయినా మంచె ఒక పక్కకు ఒరుగుతుంది, దిగడానికి మనకు టైము ఉంటుంది. అమెరికాలో జింకల వేటకు వాడే ఈ పలక అలా కాదు. చెట్టు మానుకు ఆనించి, చుట్టూ పట్టీ వేసి బిగిస్తారు. కింద గుంజ ఉండదు, పక్కన ఆసరా ఉండదు. పట్టీ వదిలితే పలక మొత్తం ఒక్కసారిగా పోతుంది. కింద ఇచ్చిన ప్రతి జాగ్రత్తా ఈ ఒక్క తేడా వల్ల వచ్చిందే.

మేం చెప్పేది చిన్న పలక గురించి. కూర్చునే సీటు ఉండదు. వేటగాడు నడుముకు శాడిల్ అనే పట్టీల జీను వేసుకుని, తల ఎత్తులో చెట్టుకు కట్టిన టెదర్ తాడుకు వెనక్కి వాలి, పాదాలు మాత్రం పలక మీద పెడతాడు.

శాడిల్ లేకుండా ఊరికే పలక మీద నిలబడితే ఏమవుతుంది?

అది చేయకండి. పది నిమిషాలకైనా, ఆరడుగుల ఎత్తులోనైనా వద్దు. పలక పాదాలు ఆన్చుకోవడానికే. ప్రాణాన్ని మోసేది టెదర్ తాడు. ఇంట్లో చేసిన పలక ఎంత బాగా కుదిరినా, అది ఏదో ఒకరోజు జారుతుందనే లెక్కతోనే పైకి వెళ్లాలి. అది జారినప్పుడు మీరు అంగుళం కూడా కిందికి పడకుండా తాడు బిగువుగా ఉండాలి. శాడిల్ నచ్చకపోతే ఒళ్లంతా పట్టే హార్నెస్ వేసుకోండి. ఛాతీకి మాత్రమే కట్టుకునే బెల్టు పనికిరాదు.

ఇంకో మాట. పలకను మీరే చేసుకోండి గానీ శాడిల్, టెదర్ తాడు, కారబైనర్లు (తాడు తగిలించే, మూసుకునే లోహపు కొక్కేలు) మాత్రం కొనండి. వాటి మీద తయారీదారు బలం అంకె రాసి ఉండాలి. ఇంటి కుట్టుమిషను మీద జీను కుట్టే ప్రయత్నం వద్దు.

కొంటే దొరికేదాన్ని చేసుకోవడం ఎందుకు?

డబ్బు కోసమైతే పెద్దగా మిగలదు. అల్యూమినియం, బోల్టులు, పిడి ఆడించి బిగించే రాచెట్ పట్టీలు, ఒకటి రెండు చెడిపోయిన ముక్కలు కలిపితే మామూలు పలక ధరకు దగ్గర్లోకి వస్తుంది. చేసుకునేవాళ్లు చేసుకునేది తమ బూటు సైజుకు, తమ అడవిలో ఉండే మానుల లావుకు సరిపడా కావాలని. పని మీద ఇష్టం కూడా ఒక కారణమే. డ్రిల్లు, హాక్సా, ఆకురాయి చేతిలో తిరగనివాళ్లు మాత్రం మొదటి పనిగా దీన్ని ఎంచుకోకూడదు. ముందు ఒక బల్లో, అరో చేసి చేయి కుదిరాక దీనికి రండి.

ఒక్క పట్టీ అంత బరువు ఎలా మోస్తుంది?

ఇది అర్థమైతే సగం పని అయినట్టే. పలక మీద నిలబడ్డప్పుడు మూడు బలాలు పనిచేస్తాయి. మీ బరువు కిందికి లాగుతుంది. పలకను మోస్తూ చెట్టుకు ఆనే నిలువు దిమ్మె పై భాగం చెట్టు నుంచి విడిపోవాలని చూస్తుంది, దాన్ని పట్టీ ఆపుతుంది. దిమ్మె అడుగు భాగం చెట్టులోకి నొక్కుకుంటుంది. జారకుండా నిలిపేది దిమ్మె అంచున కోసిన పళ్లు, వాటిని బెరడులోకి నొక్కిపెట్టే బిగువు.

లెక్క చిన్నదే. సామానుతో కలిపి మీ బరువు 200 పౌన్లు అనుకుందాం. పాదం ఆనే చోటు చెట్టుకు 12 అంగుళాల దూరం. పై పట్టీకీ అడుగు పళ్లకూ మధ్య 13.5 అంగుళాలు. 200ని 12తో గుణించి 13.5తో భాగిస్తే దాదాపు 178 పౌన్లు. పట్టీ మీద పడే లాగుడు అది. అదే దిమ్మెను పొట్టిగా చేసి ఆ దూరం 8 అంగుళాలకు తగ్గిస్తే లాగుడు 300 పౌన్లకు చేరుతుంది. బరువు తగ్గించుకుందామని చాలామంది ముందు దిమ్మెనే పొట్టి చేస్తారు. అన్నిటికంటే చివర కోయాల్సిన ముక్క అది.

ఏ సామాను కొనాలి?

6061-టీ6 అని ముద్ర ఉన్న అల్యూమినియం తీసుకోండి. హార్డ్‌వేర్ షాపుల్లో గ్రేడు రాయకుండా అమ్మే మెత్తటి అల్యూమినియం పట్టీలు అలంకారానికే. చేత్తో వంచితే వంగిపోతాయి. మేం చెప్పే డిజైనుకు కావలసినవి ఇవి:

నిలువు దిమ్మెకు 4 అంగుళాల వెడల్పు, 2 అంగుళాల అంచులున్న సీ-ఛానెల్, 16 అంగుళాల ముక్క ఒకటి. దిమ్మె నుంచి ముందుకు చాచి ఉండే రెండు చేతులకు 1¼ అంగుళాల ఎల్-యాంగిల్, 1/8 అంగుళం మందం, 14 అంగుళాలవి రెండు. చేతులకు కింది నుంచి దన్నుగా ఉండే ఏటవాలు ఊతలకు అదే యాంగిల్, 16 అంగుళాలవి రెండు (తర్వాత అమర్చి చూసి కోస్తారు). పైన పరిచే అడ్డకమ్మీలకు 1 అంగుళం చదరపు ట్యూబు, 1/8 అంగుళం గోడ, 12 అంగుళాలవి ఐదు. దిమ్మె, చేతులు, ఊతలు కలిసే త్రికోణం బిగించడానికి 3/8 అంగుళం బోల్టులు ఆరు, అడ్డకమ్మీలకు 1/4 అంగుళం బోల్టులు పది (1¾ అంగుళాల పొడవు). అన్నిటికీ నైలాన్ లాక్ నట్లు, రెండు పక్కలా వాషర్లు. బోల్టులు గ్రేడ్ 5వి కావాలి, వాటి తల మీద మూడు గీతలుంటాయి. గీతలేమీ లేనివి గ్రేడ్ 2వి, పక్కన పెట్టేయండి.

అన్నీ కలిపి 7 నుంచి 8 పౌన్లు తూగుతుంది. బజారులో దొరికేవి ఇంతకంటే తేలికగా ఉంటాయి, నిజమే. వాళ్ల దగ్గర పోత మూసలు ఉన్నాయి, విరగ్గొట్టి చూసే యంత్రాలున్నాయి. మన దగ్గర లేవు. ఆ లోటును లోహంతోనే పూడ్చుకోవాలి.

కోయడం, బిగించడం ఏ వరసలో?

ముందు దిమ్మె. సీ-ఛానెల్ రెండు అంచులూ చెట్టువైపు ఉంటాయి. పైన 5 అంగుళాలు, కింద 4 అంగుళాలు వదిలి, మధ్యలోని అంచును అర అంగుళం లోతున కోసేయండి. మాను మీద బుడిపెలు ఉన్నా అప్పుడు దిమ్మె పైనా కిందా మాత్రమే ఆనుతుంది. ఆనే భాగాల్లో మూడు పలకల ఆకురాయితో పావు అంగుళం లోతు పళ్లు కోయండి. పావు అంగుళం కంటే లోతైతే బెరడు దాటి పచ్చి చెక్కలోకి దిగి చెట్టుకు దెబ్బ, తక్కువైతే పట్టు ఉండదు.

పట్టీ తగిలే ప్రతి మూలనూ, ముఖ్యంగా దిమ్మె ముందు వైపు నిలువు మూలల్ని, వేలు పెట్టి రాస్తే ఎక్కడా గీరుకోనంత గుండ్రంగా అరగదీయండి. హాక్సా కోత వదిలిన సన్నటి రజను అంచు కంటికి కనబడదు. గాలికి చెట్టు ఊగినప్పుడల్లా అది పట్టీ పోగుల్ని ఒక్కొక్కటిగా కోస్తుంది.

తర్వాత రంధ్రాలు. చేతుల బోల్టు దిమ్మె పైకొన నుంచి 3⅝ అంగుళాల దగ్గర, ఊతల బోల్టు పైకొన నుంచి 13 అంగుళాల దగ్గర, రెండూ అంచు వెడల్పుకు సరిగ్గా మధ్యలో. యాంగిల్ మీద రంధ్రం ఎప్పుడూ మధ్య గీత మీదే పడాలి. రంధ్రం అంచుకు జరిగితే ఆ సన్నని చోటే చీలుతుంది. డ్రిల్లు పెట్టే ముందు సెంటర్ పంచ్‌తో గుంట కొట్టండి, మొదట సన్న బిట్టుతో, ఆపైన అసలు బిట్టుతో వేయండి.

చేతుల్ని ఛానెల్ బయటి పక్కలకు బిగించండి. యాంగిల్ అడ్డరెక్క పైన, బయటికి తిరిగి ఉండాలి. నిలువు రెక్క కిందికి. ఊత పైకొన, చేతి నిలువు రెక్కకు బయటి నుంచి, దిమ్మె ముందు ముఖానికి 9½ అంగుళాల దూరంలో వస్తుంది. అక్కడ ఊత 1/8 అంగుళం బయటికి జరిగి ఉంటుంది గనుక, కింద దిమ్మె దగ్గర అంతే మందం వాషరు వేసి సమం చేయాలి. వేయకుండా బిగిస్తే ఊత వంకరగా నిలుస్తుంది, బరువు పడ్డప్పుడు ఆ వంకర పెరుగుతుంది. ఊత పైమూల అడ్డరెక్కకు తగిలితే ఆ మూల కత్తిరించండి.

చివరగా అడ్డకమ్మీలు. ఐదింటినీ సమాన దూరంలో పరిచి, ఒక్కోదానికి రెండు బోల్టులు. ట్యూబు నలిగేంత బిగించకండి. నట్టు నైలాన్ దాటి రెండు మరలు బయటికి కనబడాలి, అంతే.

వెల్డింగ్ చేయిస్తే ఇంకా గట్టిగా ఉండదా?

ఉక్కుకైతే మంచి వెల్డరు చేతిలో ఉంటుంది. 6061-టీ6 అల్యూమినియానికి కాదు. దాని బలం వేడిచేసి చల్లార్చి తెచ్చినది. వెల్డింగ్ వేడికి అతుకు పక్కనున్న లోహంలో ఆ బలం దాదాపు సగానికి పడిపోతుంది. పైకి అతుకు అందంగా మెరుస్తుంటుంది, పక్కన మెత్తబడిన సంగతి కనబడదు. ఫ్యాక్టరీలు దానికి తగ్గట్టు మందం పెంచుతాయి, లేదా వెల్డింగ్ తర్వాత మళ్లీ వేడి పదును పెడతాయి. ఇంట్లో బోల్టే మేలు. బోల్టు వదులైతే తెలుస్తుంది, మార్చుకోవచ్చు.

చెక్కతో చేయొచ్చా?

పైన పరిచే పలక వరకు చేయొచ్చు. దిమ్మె, ఊతలు మాత్రం చెక్కతో వద్దు. ముప్పావు అంగుళం బయటివాడకం ప్లైవుడ్ అయితే అంచులకు, ప్రతి రంధ్రం లోపలికి రంగు పట్టించండి. నీళ్లు దిగేది ఆ రంధ్రాల్లోనే, మెత్తబడేది బోల్టు చుట్టే. పచ్చగా కనబడే ప్రెషర్ ట్రీటెడ్ చెక్క కుళ్లదు కదా అని అల్యూమినియం మీద నేరుగా పెడుతుంటారు. అందులోని రాగి మందు తేమ తగలగానే అల్యూమినియాన్ని తినేస్తుంది. తప్పదంటే మధ్యలో రబ్బరు షీటు వేసి స్టెయిన్‌లెస్ బోల్టులు వాడండి.

పట్టీ ఎలాంటిది ఉండాలి?

1 అంగుళం వెడల్పు పాలియెస్టర్ రాచెట్ పట్టీ, పని బరువు 500 పౌన్లు, తెగే బరువు 1500 పౌన్లు అని లేబుల్ మీద రాసి ఉన్నది. లేబుల్ లేనిది కొనకండి. కొక్కేలు లేకుండా పట్టీ తిరిగి తన రాచెట్‌లోకే వచ్చే రకం తీసుకోండి. కొక్కెం ఒక పక్కకు తిరిగి జారిపోయే అవకాశం ఉంటుంది, ఈ రకంలో ఆ బెడద లేదు.

నైలాన్ పట్టీ తడిస్తే సాగుతుంది. సాయంత్రం బిగించినది తెల్లారేసరికి మంచుకు తడిసి వదులవుతుంది. బొటనవేలితో నొక్కే క్యామ్ బకిల్ సులువే గానీ కుదుపుకు కొద్దికొద్దిగా జారుతుంది, ప్రధాన పట్టీగా వాడకండి. ట్రక్కులో సరుకు కట్టి కట్టి ఎండకు తెల్లబారిన పట్టీని ఇటు తేవద్దు.

రెండు పట్టీలు వేయండి. మొదటిది చేతుల పైన, దిమ్మె ముందు నుంచి మాను చుట్టూ. రెండోది దిమ్మె అడుగున, ఊతల బోల్టు కింద. బరువు మోసేది పైదే. కిందిది దిమ్మె పక్కకు జరగకుండా ఆపుతుంది, పైది తెగిన క్షణంలో పలక నేరుగా నేల మీద పడకుండా పట్టుకుంటుంది.

ఏ చెట్టు ఎంచుకోవాలి?

బతికున్నది, నిటారుగా ఉన్నది, దిమ్మె బిగించే ఎత్తులో 8 నుంచి 16 అంగుళాల అడ్డుకొలత ఉన్నది. అంతకంటే సన్నని మాను గాలికి ఊగుతుంది. మరీ లావైతే 4 అంగుళాల దిమ్మె ఆనే చోట చెట్టు దాదాపు బల్లపరుపుగా ఉంటుంది, పట్టు తగ్గుతుంది.

ఓక్ మంచిది. బెరడు గరుకు, పళ్లు బాగా దిగుతాయి. బీచ్ చెట్టు మాను నున్నగా ఉంటుంది, తడిస్తే మరీ జారుడు. షాగ్‌బార్క్ హికరీ బెరడు పొడుగాటి పెచ్చులుగా వేలాడుతుంటుంది, దిమ్మె పెచ్చును పట్టుకుంటుందే తప్ప చెట్టును కాదు. పైన్ బెరడు పొరలుగా రాలుతుంది, దిమ్మె ఆనే చోట వదులు పొరల్ని చేత్తో రాల్చి బిగించండి.

ఆష్ చెట్టుకు దూరంగా ఉండండి. 2002లో మిషిగన్‌లో బయటపడిన ఎమరాల్డ్ ఆష్ బోరర్ అనే పచ్చ పురుగు అప్పటి నుంచి రాష్ట్రాలకు రాష్ట్రాల్లో ఆష్ చెట్లను చంపుతోంది. చచ్చిన ఆష్ చూడ్డానికి నిలబడే ఉంటుంది గానీ పెళుసెక్కి చెప్పాపెట్టకుండా విరుగుతుంది. ఏ చెట్టైనా సరే, మాను మీద గొడుగులా, బల్లలా పుట్టగొడుగులు మొలిచి ఉంటే లోపల పుచ్చు మొదలైనట్టే. పైకి చూడండి, ఎండిన కొమ్మలు మీ తల మీదికి వేలాడుతుంటే ఆ చెట్టు వద్దు.

చేశాక ఎలా పరీక్షించాలి?

మనిషి ఎక్కకముందు నీళ్లతో పరీక్షించండి. అందరూ దాటేసే మెట్టు ఇదే, తప్పకుండా చేయాల్సినదీ ఇదే. అందుకే వివరంగా చెబుతున్నాం.

ఇంటి దగ్గర ఓ గట్టి చెట్టుకు పలకను ఆరడుగుల ఎత్తులో బిగించండి. 55 గ్యాలన్ల ప్లాస్టిక్ పీపాను, పలక చివరి రెండు అడ్డకమ్మీల నుంచి గట్టి పట్టీలతో వేలాడదీయండి. పీపా అడుగు నేలకు రెండు మూడు అంగుళాల ఎత్తులోనే ఉండాలి, తెగినా దభీమని పడదు. పట్టీ రాచెట్ నుంచి బయటికి వచ్చేచోట మార్కరుతో గీత గీయండి. దిమ్మె పైకొన, అడుగుకొన ఉన్న చోట బెరడు మీద సుద్దతో గీతలు గీయండి.

ఇప్పుడు గొట్టంతో నీళ్లు పట్టండి. గ్యాలను నీళ్లు 8.34 పౌన్లు. మీ బరువు సామానుతో 200 అయితే దానికి రెట్టింపు, అంటే 48 గ్యాలన్లు. నీళ్లు నెమ్మదిగా ఎక్కుతుంటే దగ్గర నిలబడి వినండి, పలక కింద మాత్రం నిలబడకండి. మొదట్లో ఒకటి రెండు కిర్రుమనే చప్పుళ్లు, పళ్లు బెరడులోకి దిగేటప్పుడు మామూలే. సగం దాటాక టక్కుమని లోహం చప్పుడు వస్తే నీళ్లు ఆపేయండి. ఒక గంట వదిలేసి గీతలు చూడండి. దిమ్మె పావు అంగుళం లోపు దిగి ఆగిపోతే పళ్లు కూర్చున్నట్టు. ఇంకా దిగుతూ ఉంటే, లేదా పట్టీ మీది గీత రాచెట్ నుంచి దూరంగా జరిగితే, ఆ పలక పైకి వెళ్లకూడదు.

నీళ్లు వదిలేసి విప్పండి. రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలోకి సాగాయేమో, ఊతలు వంగాయేమో గాజుబల్ల మీద పెట్టి చూడండి. అంతా బాగుంటే మోకాలి ఎత్తులో మీరు ఎక్కండి, శాడిల్ వేసుకుని. రెండు పాదాలతో, ఒంటికాలితో, అంచు మీద, పక్కకు వాలి, వెనక్కి తిరిగి, అన్ని రకాలుగా గంటకు తక్కువ కాకుండా నిలబడండి. ఇదంతా చేసినా దానికి ఏ ముద్రా రానట్టే. మీ బరువుకు, మీ చేతి పనికి మాత్రమే అది పరీక్ష. స్నేహితుడికి ఎరువివ్వకండి.

చెట్టు మీద ఎలా బిగించాలి?

నేల మీద కాలు లేచిన క్షణం నుంచి లైన్‌మ్యాన్ తాడు నడుము చుట్టూ, చెట్టు చుట్టూ ఉండాలి. కరెంటు స్తంభం ఎక్కేవాళ్లు వేసుకునే పద్ధతే ఇది. పలకను వీపున మోస్తూ ఎక్కకండి, హాల్ లైన్ అనే సన్నతాడుకు కట్టి కింద వదిలి ఎక్కండి.

చెట్టుకు కట్టే మెట్ల లాంటి ఎక్కుడు కర్రలు బిగించుకుంటూ పైకి వెళ్లాక ముందు టెదర్ తాడు తల ఎత్తులో చెట్టుకు చుట్టి, ప్రూసిక్ ముడిని (తాడు మీద జరుపుకోగలిగి, బరువు పడగానే బిగుసుకునే ముడి) మీకు తగిలించుకోండి. ఆ తర్వాతే పలకను పైకి లాగండి. దిమ్మెను మానుకు ఆనించి, పలక బయటి అంచు ఒక అంగుళం పైకి ఎత్తి ఉండేలా పట్టుకుని పై పట్టీ వేయండి. పట్టీ మెలిక పడకూడదు. ఒక్క మెలిక ఉన్నా రాచెట్‌లో సమానంగా చుట్టుకోదు. బిగించాక బయటి అంచు మీద పాదం పెట్టి గట్టిగా కిందికి తొక్కండి. అడుగు పళ్లు చెట్టులోకి దిగి, పై పట్టీ టంగుమనేంత బిగుస్తుంది, పలక సమంగా కూర్చుంటుంది. అప్పుడు కింది పట్టీ, ఆ తర్వాత పై పట్టీ మళ్లీ ఒక పట్టు.

పలక మీదికి పక్కనుంచి అడుగు వేయాలి. పలకను చేతులతో పట్టుకుని ఒంటిని పైకి లాక్కోకూడదు. పైకి, పక్కకు లాగడానికి ఆ బిగింపు చేసినది కాదు. విల్లు గానీ తుపాకీ గానీ మీరు టెదర్‌కు తగిలించుకుని స్థిరపడ్డాకే పైకి లాగాలి. తుపాకీ ఖాళీగా, గొట్టం కిందికి. బాణాలు మూతపెట్టిన అంబులపొదిలో.

ఒక పక్క నిలబడితే పలక తిరుగుతోంది. ఎందుకు?

వేటగాళ్లు దీన్ని కిక్-అవుట్ అంటారు. దిమ్మె చెట్టును తాకేది 4 అంగుళాల వెడల్పున. మీరు 6 అంగుళాల పక్కకు, అంచు మీద నిలబడితే ఒకవైపు పళ్లు లేవాలని చూస్తాయి. పై పట్టీ వదులు, మాను నున్నన, లేదా చెట్టు ఒరిగి ఉండగా దిమ్మెను వాలుకు అడ్డంగా, పక్కన బిగించడం, ఈ మూడిట్లో ఒకటి ఉంటుంది. ముందు పట్టీ బిగించండి. ఒరిగిన చెట్టైతే ఒరిగిన దిక్కుకు ఎదురుగా, అంటే మాను మీ వైపు నుంచి అవతలికి వాలేలా పలక పెట్టండి. మేం పలకను 12 అంగుళాల వెడల్పుకే ఆపింది ఇందుకే. 18 అంగుళాలు పెడితే నిలబడ్డానికి హాయిగా ఉంటుంది గానీ ఇంత సన్న దిమ్మె దాన్ని ఆపలేదు.

ఎంత ఎత్తులో పెట్టాలి?

15 నుంచి 20 అడుగులు సరిపోతుంది. ఇంకా పైకి వెళ్లేకొద్దీ మాను సన్నబడుతుంది, బాణం జింక వీపు మీద నిటారుగా దిగి ఊపిరితిత్తుల్లో ఒకటే తగిలే కోణం వస్తుంది. గాయపడ్డ జంతువు దొరక్కుండా పోవడం కంటే పాపం లేదు. వెనక ఆకుల మరుగున్న చెట్టు దొరికితే 12 అడుగులు చాలు.

చప్పుడు రాకుండా?

లోహం లోహానికి తగిలే ప్రతిచోటా పాత సైకిలు ట్యూబు ముక్క వేయండి. అడ్డకమ్మీల మీద స్కేట్‌బోర్డు గరుకు టేపు అతికిస్తే తడి బూటు జారదు, గీరుకునే శబ్దమూ తగ్గుతుంది. రాచెట్ పిడికి గుడ్డ టేపు చుట్టండి. బోల్టు కింద మాత్రం రబ్బరు వేయకండి, అది నలిగేకొద్దీ బోల్టు వదులవుతుంది.

పలక జారి శాడిల్‌లో వేలాడితే ఏం చేయాలి?

కదలకుండా వేలాడితే కాళ్లలో రక్తం ఆగి స్పృహ తప్పవచ్చు, అది ప్రాణానికే ముప్పు. అందుకే జేబులో ఒక రిలీఫ్ పట్టీ, అంటే పాదం పెట్టి నిలబడడానికి ఉచ్చులా చేసిన తాడు, ఎప్పుడూ ఉండాలి. దాన్ని టెదర్‌కు తగిలించి అందులో పాదం పెట్టి లేవండి, కాళ్లు ఆడిస్తూ ఉండండి. ఎక్కుడు కర్రలు చేతికందే దూరంలో ఉంటే వాటి మీదికి మారండి. ఫోను ఛాతీ జేబులో ఉండాలి, కింద బ్యాగులో కాదు. ఏ చెట్టు దగ్గర ఉంటారో, ఎన్ని గంటలకు వస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి. ఇది ఒకసారి మోకాలి ఎత్తులో, పగటిపూట, పక్కన మనిషి ఉండగా చేసి చూడండి.

చట్టం ఏమంటుంది?

రాష్ట్రానికో రకం, ఒక్కో ప్రభుత్వ భూమికి ఇంకో రకం. చాలాచోట్ల ప్రభుత్వ అడవుల్లో చెట్టుకు మేకు, మరమేకు కొట్టడం నేరం. పట్టీతో బిగించే మంచెలకు అంత ఆదరణ రావడానికి అదీ ఒక కారణం. మిషిగన్‌లాంటి రాష్ట్రాల్లో ప్రభుత్వ భూమిలో పెట్టే మంచె మీద యజమాని పేరు, చిరునామా వంటి గుర్తింపు ఉండాలి. టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేయాలి. ప్రతి ఏడూ కొత్త నిబంధనల పుస్తకం వస్తుంది, పోయినేడుది చూసి వెళ్లకండి. సొంత భూమి కాకపోతే భూమి యజమాని అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి, ఇంట్లో చేసిన మంచె అని ముందే చెప్పండి.

హెచ్-1బి మీద ఉన్నవాళ్లు వేటకు వెళ్లొచ్చా?

మన తెలుగువాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. వలసేతర వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ పట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం మామూలుగా నిషేధిస్తుంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు చేతిలో ఉంటే అందులో మినహాయింపు ఉంది. లైసెన్సు గడువు అయిపోయిన మర్నాడు ఆ మినహాయింపూ పోతుంది. వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ ముట్టుకునే ముందు ఇమిగ్రేషన్ లాయరును అడగడం మేలు. విల్లుతో వేటకు ఈ ఫెడరల్ నిషేధం వర్తించదు, రాష్ట్ర లైసెన్సు మాత్రం కావాలి.

ఇండియాలో వాడుకోవచ్చా?

వేటకు కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అక్కడ వేట నిషేధం. పక్షుల్ని, జంతువుల్ని ఫొటోలు తీసేవాళ్లకు ఇదే పలక, ఇవే జాగ్రత్తలతో పనికొస్తుంది. రిజర్వు ఫారెస్టులో అయితే అటవీ శాఖ అనుమతి ఉండాలి. అడవిపందుల కాపలాకు చేలో రాత్రంతా ఉండేవాళ్లకు మాత్రం నాలుగు గుంజల మంచే మేలు. దాని మీద కునుకు తీయొచ్చు, దీని మీద తీయకూడదు.

సీజను అయిపోయాక చెట్టు మీదే వదిలేయొచ్చా?

వద్దు. చెట్టు లావెక్కుతుంది, పట్టీ లావెక్కదు. వసంతంలో మాను పెరిగి పట్టీని లోపలి నుంచి సాగదీస్తుంది, ఎండ పైనుంచి పోగుల్ని పెళుసు చేస్తుంది, ఉడుతలు కొరుకుతాయి. మర్నాడు వేట ఉన్నా సరే, ఎక్కిన ప్రతిసారీ పట్టీని వేళ్ల మధ్య మొత్తం పొడవునా జార్చి చూసుకోండి. పోగులు లేచి గరుకుగా తగిలినా, రంగు వెలిసినా, ఒక్క చోట అంచు చిరిగినా ఆ పట్టీని మధ్యకు కోసి చెత్తబుట్టలో వేయండి. కోయకుండా పడేస్తే ఇంకెవరో తీసి వాడతారు. బాగున్నట్టు కనబడినా రెండు సీజన్లకు మించి ఒకే పట్టీ వద్దు. కొన్న తేదీని లేబుల్ మీద చెరగని మార్కరుతో రాసుకోండి.

పలకను ఇంటికి తెచ్చాక పళ్ల మధ్య ఇరుక్కున్న బెరడు ముక్కల్ని వైరు బ్రష్‌తో తీసేయండి, తడి పట్టి ఉంచేవి అవే. బోల్టుల చుట్టూ తెల్లటి పొడి కనబడితే ఉక్కు, అల్యూమినియం తడికి కలిసి తుప్పు మొదలైనట్టు. ఆ బోల్టు విప్పి, రంధ్రం తుడిచి, కొత్త బోల్టు, కొత్త లాక్ నట్టు వేయండి. ఒకసారి విప్పిన నైలాన్ నట్టును మళ్లీ వాడకండి. మళ్లీ సీజను ముందు నీళ్ల పీపా పరీక్ష మొదటి నుంచి చేయాలి.